కార్బన్ మోనాక్సైడ్: ప్రాణం దక్కిన తర్వాత

కార్బన్ మోనాక్సైడ్ సోకిన మనిషిని ముందు ఆ గాలి నుంచి బయటికి తేవాలి, వెంటనే ఆక్సిజన్ పెట్టాలి. ఇంతవరకు వైద్యుల్లో భిన్నాభిప్రాయం లేదు. వివాదమంతా ఆ తర్వాతే. ఆ ఆక్సిజన్‌ను మాస్కుతో ఇస్తే సరిపోతుందా, హైపర్‌బారిక్ ఛాంబర్ అనే మూసిన గదిలో ఉంచి వాతావరణ పీడనానికి రెండు మూడు రెట్ల ఒత్తిడిలో ఇవ్వాలా? స్పృహ వచ్చి, నడిచి ఇంటికి వెళ్లిన మనిషి మూడు వారాలకు మతిమరుపుతో, తడబడే నడకతో తిరిగి రావడానికి కారణమేమిటి? అలా ఎవరికి జరుగుతుందో మొదటి రోజే పసిగట్టగలమా? ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పీల్చేవాళ్ల సంగతేమిటి? నాలుగు దశాబ్దాలుగా ఈ ప్రశ్నలు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఒక పరిశోధన అవునన్నదాన్ని మరొకటి కాదంటూ వచ్చింది. సాక్ష్యాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: ఛాంబర్ మంచిదా కాదా అన్న ఒక్క ప్రశ్న మిగతా చర్చనంతా మింగేసింది. అనుమానించడం, కొలవడం, ఆలస్యం లేకుండా ఆక్సిజన్ ఇవ్వడం, వారాల తరబడి కనిపెట్టి ఉండటం వంటి పేచీలేని పనులు ఆచరణలో వెనకబడిపోయాయి.

హాల్డేన్ వేసిన లెక్క

ఈ వాయువు రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుందని 1857 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్, జర్మనీలో హోప్పె-సైలర్ విడివిడిగా చూపించారు. దాన్ని లెక్కలోకి తెచ్చినవాడు స్కాట్లాండ్‌కు చెందిన జాన్ స్కాట్ హాల్డేన్. 1895లో తానే ఆ గాలిని పీల్చి, తన రక్తం ఎంతవరకు నిండితే ఏ లక్షణం వస్తుందో రాసి పెట్టాడు. మరుసటి ఏడాది, బ్రిటన్ బొగ్గుగనుల్లో పేలుళ్లకు చనిపోయినవారిలో ఎక్కువమందిని చంపింది పేలుడు కాదని, ఆ వెనక గని నిండా కమ్ముకున్న కార్బన్ మోనాక్సైడ్ అని నివేదిక ఇచ్చాడు. గనిలోకి చిన్న ప్రాణిని వెంట తీసుకెళ్లమని చెప్పిందీ ఆయనే. ఆ సలహాతో వచ్చిన కానరీ పిట్టలు బ్రిటన్ గనుల్లో 1986 దాకా ఉన్నాయి.

ఆయన లెక్క సులువైనదే. హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ మీద ఎంత మక్కువో కార్బన్ మోనాక్సైడ్ మీద అంతకు 200 నుంచి 250 రెట్లు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అందులో సుమారు రెండువందలో వంతు, అంటే 0.1 శాతం కార్బన్ మోనాక్సైడ్ ఉన్న గాలిని తగినంతసేపు పీలిస్తే హిమోగ్లోబిన్‌లో దాదాపు సగం దాని పాలవుతుంది. మిగిలిన సగమైనా సవ్యంగా పనిచేయదు. తాను మోస్తున్న ఆక్సిజన్‌ను కణాల దగ్గర వదలకుండా పట్టుకు కూర్చుంటుంది.

మన ఇళ్లలో ఇది ఎలా జరుగుతుందో గ్యాస్ గీజర్ పెట్టిన స్నానాలగదిలో చూడవచ్చు. ఇరుకు గది. చలిగాలి వస్తోందని వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టారు. తలుపు గడియ పడింది. ఎల్పీజీలో కార్బన్ మోనాక్సైడ్ ఉండదు కాబట్టి సిలిండర్ లీకు కాకపోతే భయం లేదని ఇంట్లోవాళ్ల నమ్మకం. గీజర్ మంట మాత్రం గదిలోని ఆక్సిజన్‌నే తింటూ ఉంటుంది. తాను వదిలిన కార్బన్ డయాక్సైడే తిరిగి బర్నర్‌లోకి వెళ్లేకొద్దీ ఇంధనం పూర్తిగా కాలదు. అక్కడి నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుట్టుకొస్తుంది. వాసన ఉండదు, దగ్గు రాదు, కళ్లు మండవు. తల బరువెక్కుతుంది, కడుపులో తిప్పుతుంది. తలుపు తీయాలని తోచేసరికి కాళ్లలో సత్తువ పోయి ఉంటుంది. కణకణలాడే బొగ్గుల కుంపటిదీ ఇదే మోసం. పొగ ఆగిపోయింది కదా అని గదిలోకి తెచ్చుకుంటారు. పొగ లేని నిప్పు నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ ధారాళంగా వస్తుంది. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో గ్యాస్ హీటర్ పెట్టుకుని మూసిన గదిలో పడుకున్న 8 మంది కేరళ పర్యాటకులు తెల్లారేసరికి అచేతనంగా కనిపించారు. ఒక్కరూ బతకలేదు. వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు.

రక్తంలోని శాతం ఎందుకు చాలదు

హాల్డేన్ లెక్క నుంచి పుట్టిన మొదటి సిద్ధాంతం ప్రకారం ఇది కేవలం ఆక్సిజన్ కరువు. రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్, అంటే కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్, ఎంత శాతముంటే హాని అంత. దాన్ని వదిలిస్తే వైద్యం పూర్తయినట్టే. పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ కనిపించే పట్టికలు, అంటే 20 శాతానికి తలనొప్పి, 40కి అయోమయం, 60కి మరణం అనే వరసలు, ఈ ఆలోచన సంతానమే. రోగుల దగ్గర ఈ పట్టికలు నిలవవు. ఒకే గదిలోంచి, ఇంచుమించు ఒకే శాతంతో తెచ్చిన ఇద్దరిలో ఒకరు మాట్లాడుతుంటారు, ఒకరు కోమాలో ఉంటారు. ఎంతసేపు పీల్చారు, ఆసుపత్రికి చేరేసరికి ఎంత కాలం గడిచింది, దారిలో అంబులెన్స్‌లో ఆక్సిజన్ ఇచ్చారా అన్నవి ఆ ఒక్క అంకెలో కనిపించవు.

రెండో సిద్ధాంతం ఈ వాయువును కణాలకు నేరుగా తగిలే విషంగా చూస్తుంది. 1975లో గోల్డ్‌బామ్ బృందం కుక్కల మీద చేసిన ప్రయోగం దీనికి ఊపునిచ్చింది. 13 శాతం కార్బన్ మోనాక్సైడ్ పీల్చిన కుక్కలు చనిపోయాయి. ఆ వాయువుతో నింపిన ఎర్రకణాలను ఎక్కించగా, రక్తంలో ప్రాణాంతకమనుకునే శాతం ఉన్న కుక్కలు మాత్రం బతికాయి. హిమోగ్లోబిన్‌కు అంటుకున్న వాయువు కన్నా ప్లాస్మాలో కరిగి కణాల్లోకి వెళ్లిందే ఎక్కువ ప్రమాదమని దీని భావం. ఆ తర్వాతి పరిశోధనలు ఈ చిత్రాన్ని మరింత నింపాయి. గుండె కండరంలోని మయోగ్లోబిన్‌ను, మైటోకాండ్రియాలో శ్వాసక్రియకు కీలకమైన సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌ను కార్బన్ మోనాక్సైడ్ పట్టుకుంటుంది. ప్లేట్‌లెట్ల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వెలువడేలా చేస్తుంది. తెల్లకణాలు మెదడు రక్తనాళాల గోడలకు అతుక్కుంటాయి. నరాల తొడుగైన మైలిన్‌లోని ప్రొటీన్ రూపు మారి, శరీర రక్షణ వ్యవస్థే దాన్ని శత్రువుగా భావించే స్థితి వస్తుందని స్టీఫెన్ థామ్ బృందం 2004లో ఎలుకల్లో చూపించింది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. 13 శాతం గాఢత ఏ ఇంట్లోనూ, ఏ గ్యారేజీలోనూ సాధారణంగా రాదు. ఎలుక మెదడులో జరిగిందల్లా మనిషిలో జరుగుతుందన్న హామీ కూడా లేదు. ఈ అభ్యంతరాన్ని ఒప్పుకున్నా మొదటి సిద్ధాంతం ఒక్కటే నిలబడదు. రక్తం శుభ్రపడిన వారాలకు మెదడు చెడటాన్ని ఆక్సిజన్ కరువు ఒక్కటీ వివరించలేదు. నా అంచనాలో కరువు మొదటి గంటల్లో ప్రాణం తీస్తుంది, రక్షణ వ్యవస్థ మెదడులో రేపే వాపు ఆ తర్వాతి వారాల్లో మనిషిని మార్చేస్తుంది. రెండు సిద్ధాంతాలూ వేర్వేరు దశలకు వర్తించేవే. వాటిని ఒకదానికొకటి పోటీగా నిలపడం వల్లే వైద్యం మీది చర్చ దారి తప్పింది.

కొలవడంలోనూ ఒక ఉచ్చు ఉంది. కోవిడ్ కాలంలో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సీమీటర్ రెండు రంగుల వెలుతురును వేలిలోంచి పంపి రక్తం రంగును అంచనా వేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ కూడా దాని కంటికి ఆక్సిజన్ నిండినట్టే కనిపిస్తుంది. గీజర్ గదిలోంచి మోసుకొచ్చిన మనిషి క్యాజువాలిటీ బల్ల మీద స్పృహ లేకుండా పడి ఉంటే, వేలికి తగిలించిన పరికరం 99 చూపిస్తుంది. ధమని రక్తం తీసి మామూలు బ్లడ్ గ్యాస్ పరీక్ష చేసినా, అది కొలిచేది ప్లాస్మాలో కరిగిన ఆక్సిజన్‌నే కాబట్టి ఆ అంకె కూడా బాగానే ఉంటుంది. నిజం చెప్పేది కార్బాక్సీహిమోగ్లోబిన్‌ను విడిగా కొలిచే కో-ఆక్సీమీటర్ మాత్రమే. ఇక చర్మం ఎర్రబారుతుందన్న పుస్తకపు గుర్తు, శవపరీక్షలో కనిపించినంతగా బతికున్న రోగిలో కనిపించదు. తలనొప్పి, వాంతులతో ఇంట్లో నలుగురూ ఒకేసారి వస్తే ఫుడ్ పాయిజనింగ్ అని రాసి పంపే ప్రమాదం ఇక్కడే ఉంది.

ఛాంబర్: అవునన్నవారు, కాదన్నవారు

ఛాంబర్ వెనక ఉన్న శాస్త్రం బలమైనది. కార్బాక్సీహిమోగ్లోబిన్ సగానికి తగ్గడానికి మామూలు గాలిలో 4 నుంచి 5 గంటలు పడుతుంది. మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే సుమారు 75 నిమిషాలు, మూడు రెట్ల పీడనంలో 20 నుంచి 30 నిమిషాలు. ఆ పీడనంలో ప్లాస్మాలోనే కరిగే ఆక్సిజన్, విశ్రాంతిగా ఉన్న శరీర అవసరాన్ని దాదాపుగా తీర్చగలదు. రెట్టింపు పీడనంలో ఆక్సిజన్ ఇస్తే ఎలుకలు ఈ విషాన్ని తట్టుకుంటాయని హాల్డేనే చూశాడు. 1960లో గ్లాస్గోలో స్మిత్, షార్ప్ దీన్ని రోగుల మీద వాడారు.

చిక్కంతా రోగులను రెండు గుంపులుగా విడదీసి పోల్చినప్పుడు వచ్చింది. 1989లో ఫ్రాన్స్‌లో రఫాయెల్ బృందం 629 మందిని పరీక్షించి, స్పృహ కోల్పోనివారికి ఛాంబర్ వల్ల అదనపు మేలు లేదంది. సమర్థకులు వెంటనే, వాడిన పీడనం రెండు రెట్లే కదా, ఆలస్యంగా మొదలుపెట్టారు కదా అన్నారు. 1999లో మెల్‌బోర్న్‌లో 191 మందితో చేసిన పరీక్షలోనూ లాభం కనిపించలేదు. అందులో ఛాంబర్‌కు పంపనివారికి కూడా మూడు రోజులు ఏకధాటిగా ఆక్సిజన్ ఇచ్చారు. ఎక్కడా ఇవ్వనంత ఆక్సిజన్ అది. నెల తర్వాత మళ్లీ పరీక్షకు వచ్చింది సగంకన్నా తక్కువమంది. 2002లో సాల్ట్ లేక్ సిటీలో వీవర్ బృందం 152 మందితో చేసిన పరీక్ష సమర్థకులకు ఆయువుపట్టు. 24 గంటల్లోపు మూడు విడతలు ఛాంబర్‌లో పెట్టినవారిలో ఆరు వారాలకు జ్ఞాపకశక్తి, ఆలోచనల లోపం 25 శాతానికి కనిపిస్తే, మాస్కుతో సరిపెట్టినవారిలో 46 శాతానికి కనిపించింది. రోగికీ, పరీక్షించేవారికీ ఎవరు ఏ గుంపో తెలియకుండా జాగ్రత్తపడిన పరీక్ష ఇది. దీనిలోనూ ఒక లోపం ఉంది. చిన్నమెదడు దెబ్బతిన్న లక్షణాలు చికిత్సకు ముందే మాస్కు గుంపులో ఎక్కువగా ఉన్నాయి. 2011లో ఫ్రాన్స్‌లో అనాన్ బృందం ఇచ్చిన ఫలితం మరీ ఎదురుగా ఉంది. కాసేపే స్పృహ తప్పినవారికి ఒక విడత ఛాంబర్ వల్ల తేడా లేదు. కోమాలో ఉన్నవారిలో ఒక విడత పొందినవారి కన్నా రెండు విడతలు పొందినవారే తక్కువగా కోలుకున్నారు.

అదే ఏడాది కాక్రేన్ సమీక్ష 6 పరీక్షలను, 1361 మంది రోగులను కలిపి చూసి, ఛాంబర్ మేలు చేస్తుందని నిరూపణ కాలేదని తేల్చింది. మేలు లేదని నిరూపణ అయిందని అది అనలేదు. ఈ తేడాను ఇరుపక్షాలూ తరచు మరిచిపోతాయి. అమెరికా అత్యవసర వైద్యుల సంస్థ 2017లో రెండింటిలో ఏదైనా వాడవచ్చని, ఏది మెరుగో తేలలేదని రాసింది. అదే సంవత్సరం తైవాన్‌లో 25 వేలకు పైగా రోగుల రికార్డులు చూసినవారు, ఛాంబర్‌కు వెళ్లినవారిలో మరణాలు తక్కువన్నారు. కదిలించడానికి వీల్లేనంత విషమంగా ఉన్నవారు ఛాంబర్ దాకా వెళ్లనే వెళ్లరు కాబట్టి ఆ లెక్క ఎంత సరిచేసినా సందేహం మిగులుతుంది.

ఇన్ని పరీక్షలు ఇన్ని రకాలుగా చెప్పడానికి కారణం వాటి కొలతల్లోనే ఉంది. పీడనం వేరు, విడతలు వేరు, మొదలుపెట్టిన గంట వేరు, రోగుల తీవ్రత వేరు, చివర కొలిచిన లోపం వేరు. వీటిని కలిపి సగటు తీయడం వల్ల ఎవరికి పనిచేస్తుందన్న అసలు ప్రశ్నకు జవాబు దొరకదు. సమర్థకుల వాదనలో నాకు సబబుగా తోచేది ఒకటి: స్పృహ తప్పినవారు, గర్భిణులు, గుండె దెబ్బతిన్నవారు దగ్గర్లో ఛాంబర్ ఉండి కొద్ది గంటల్లో చేరగలిగితే వాడటం తప్పు కాదు. వ్యతిరేకుల వాదనలోనూ ఒకటి కాదనలేనిది: నిలకడ లేని రోగిని దూరాభారం తిప్పితే దారిలో జరిగే నష్టం, ఛాంబర్ ఇవ్వగల లాభాన్ని మించిపోవచ్చు.

కోలుకున్నాక వచ్చే జబ్బు

ఈ విషంలో అన్నిటికన్నా కలవరపెట్టేది మధ్యలో వచ్చే ఆ మంచి రోజులు. దక్షిణ కొరియాలో ఇళ్లను వెచ్చబెట్టడానికి బొగ్గు ఇటుకలు కాల్చే కాలంలో ఈ ప్రమాదాలు నిత్యకృత్యం. అక్కడ చోయ్ అనే వైద్యుడు 1983లో 2360 మంది రోగుల వివరాలు ప్రచురించాడు. ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినవారిలో సుమారు 12 శాతం, పూర్తిగా కోలుకున్నట్టు కనిపించి, సగటున మూడు వారాల తర్వాత మళ్లీ జబ్బుపడ్డారు. పలకరిస్తే పలకరు. మూత్రం మీద అదుపు ఉండదు. పార్కిన్సన్ రోగిలా చిన్నచిన్న అడుగులు వేస్తారు. బట్టలు వేసుకోవడం కూడా మరిచిపోతారు. వయసు పైబడినవారిలో ఇది ఎక్కువ. ఆయన కనిపెట్టి చూసినవారిలో నాలుగింట మూడొంతుల మంది ఏడాదిలోపు బాగుపడ్డారు. మెదడు స్కాన్‌లలో గ్లోబస్ పాలిడస్ అనే లోతు భాగంలో మచ్చలు, తెల్లపదార్థంలో మైలిన్ నష్టం కనిపిస్తాయి. ఎవరికి వస్తుందో ముందుగా నమ్మకంగా చెప్పే పరీక్ష ఈనాటికీ లేదు.

బాగుపడనివారి కథ జపాన్ చెబుతుంది. 1963 నవంబర్ 9న మీకె బొగ్గుగనిలో పేలుడు జరిగి 458 మంది చనిపోయారు. 839 మంది కార్బన్ మోనాక్సైడ్ బారినపడి బతికారు. మినమాట జబ్బు పరిశోధనతో పేరొందిన మసాజుమి హరాదా వాళ్లను దశాబ్దాల పాటు వెంబడించి చూశాడు. 33 ఏళ్ల తర్వాత కూడా చాలామందిలో జ్ఞాపకశక్తి లోపం, మనస్తత్వంలో మార్పు, నరాల లక్షణాలు మిగిలే ఉన్నాయి. ఇవి నష్టపరిహారం కోసం చెప్పే మాటలన్న వాదన అప్పట్లో వచ్చింది. మూడు దశాబ్దాల వైద్య పరీక్షలు దానికి తగిన సమాధానం. ఆ కార్మిక కుటుంబాల పోరాటం వల్లే 1967లో జపాన్ ఈ రోగుల కోసం ప్రత్యేక చట్టం తెచ్చింది. తండ్రి ఇంటికి తిరిగొచ్చాడు, ఆ తండ్రి మాత్రం రాలేదన్న బాధను ఒక చట్టం గుర్తించడం చిన్న సంగతి కాదు.

గుండె, గర్భం, పసికందు

గుండె విషయంలో వివాదం తక్కువ, నిర్లక్ష్యం ఎక్కువ. మినియాపొలిస్‌లో ఓ మోస్తరు నుంచి తీవ్రంగా విషం సోకిన 230 మందిని గమనించగా 37 శాతానికి గుండె కండరం దెబ్బతిన్నట్టు ఈసీజీలోనో, ట్రోపోనిన్ వంటి రక్తపరీక్షలోనో తేలింది. 2006లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం సగటున ఏడున్నరేళ్లలో వాళ్లలో 38 శాతం చనిపోయారు. గుండె దెబ్బతిననివారిలో ఇది 15 శాతమే. విషం గుండెను శాశ్వతంగా బలహీనపరిచిందా, ముందే బలహీనంగా ఉన్న గుండెను బయటపెట్టిందా అన్నది తేలలేదు. ఏదైనా ఒక ఈసీజీ, ఒక ట్రోపోనిన్ చేయించడానికి ఈ అంకె చాలు.

గర్భంలోని శిశువు హిమోగ్లోబిన్ ఈ వాయువును మరింత గట్టిగా పట్టుకుంటుంది. తల్లి రక్తంలో తగ్గుముఖం పట్టిన తర్వాత కూడా బిడ్డలో అది ఎక్కువసేపు ఉంటుంది. అందుకే తల్లి తేరుకుంది కదా అని ఆక్సిజన్ తీసేయకూడదు. పుట్టిన మొదటి వారాల్లోనూ శిశువు రక్తంలో అధికభాగం ఆ పాత హిమోగ్లోబిన్‌దే. మన ఊళ్లలో బాలింత గదిలో తలుపులు బిగించి, కుంపటిలో నిప్పులు పోసి, సాంబ్రాణి వేసే అలవాటు ఇంకా ఉంది. తల్లీబిడ్డలకు వెచ్చదనం కావాలన్న ప్రేమతో చేసే పనే అది. అయినా ఆ గదిలో అందరికన్నా ముందు, అందరికన్నా ఎక్కువగా దెబ్బతినే ప్రాణి ఆ పసికందే.

కొద్దికొద్దిగా పీల్చేవాళ్లు

కట్టెల పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్లు, ట్రాఫిక్‌లో నిలబడే పోలీసులు, బట్టీల దగ్గర పనిచేసేవాళ్లు రోజూ పీల్చేది ప్రాణం తీసే మోతాదు కాదు. దాని ప్రభావాన్ని పొగలోని మిగతా విషాల నుంచి విడదీసి చూడటం కష్టం. ఒక పక్షం దీర్ఘకాలపు తలనొప్పి, అలసట, మతిమరుపులకు దీన్నే కారణమంటుంది. మరో పక్షం అంతటి ఆధారం లేదంటుంది. ఈ దశలో రెండో పక్షానిదే పైచేయి. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 24 గంటల సగటు పరిమితిని 2010లో ఘనపు మీటరుకు 7 మిల్లీగ్రాములని చెప్పి, 2021లో 4కు తగ్గించింది. రుజువు పూర్తికాకముందే జాగ్రత్త పడాలన్న వైఖరి అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చినప్పుడు పొగ బాధ తగ్గించడమే ఒక లక్ష్యం. అదే గ్యాస్‌ను గీజర్ రూపంలో గాలి ఆడని గదిలో పెట్టినప్పుడు కొత్త ప్రమాదం వచ్చింది.

మన ఆసుపత్రుల్లో ఏది ముందు

ఛాంబర్లు పెద్ద నగరాల్లోనూ కొన్నిచోట్లే ఉన్నాయి. ఆదిలాబాద్‌లోనో, పాడేరులోనో తెల్లవారుజామున కుంపటి గదిలోంచి తెచ్చిన రోగికి ఛాంబర్ గురించిన వివాదంతో పని లేదు. ఛాంబర్ లేకపోతే చేసేదేమీ లేదన్న నిస్పృహ మాత్రం ఆ వివాదం వల్లే వస్తుంది. జిల్లా ఆసుపత్రిలో ఉన్న ఆక్సిజన్ బిగుతైన రిజర్వాయర్ మాస్కుతో, పూర్తి ధారలో, గంటల తరబడి ఇవ్వడమే సర్వసమ్మతమైన చికిత్స. ఛాంబర్లు కొనే ముందు ప్రతి జిల్లా ఆసుపత్రిలో కో-ఆక్సీమీటర్ ఉన్న బ్లడ్ గ్యాస్ యంత్రం పెట్టాలి. అది లేనిచోట కూడా, మూసిన గది, నిప్పో గీజరో జనరేటరో, ఒకరికి మించి రోగులు అన్న మూడు ఆనవాళ్లలో రెండు కలిస్తే పల్స్ ఆక్సీమీటర్‌ను పక్కన పెట్టి ఆక్సిజన్ మొదలుపెట్టవచ్చు.

అన్నిటికన్నా చవకైన పని మరొకటి ఉంది. డిశ్చార్జి చీటీ మీద డాక్టర్లు రెండు వాక్యాలు రాయాలి: ఆరు వారాల తర్వాత తప్పక చూపించుకోండి, ఈలోపు మతిమరుపు, నడకలో తేడా, మనిషి తీరులో మార్పు కనిపిస్తే వెంటనే రండి. ఆ చీటీని రోగికి ఇవ్వడంతో ఆగకుండా ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి. మార్పును ముందుగా గుర్తించేది వాళ్లే.